బిస్కెట్ డబ్బాలో ఫ్రాన్సు మట్టి

1986 మార్చిలో నన్ను సిడ్నీ అంతర్జాతీయ విమానాశ్రయానికి బదిలీ చేశారు. హోదా క్వారంటైన్ ఇన్‌స్పెక్టర్, రెండో గ్రేడు. అంతకు ముందు ఏడేళ్ళు ఓడరేవులో ధాన్యం ఓడల అడుగుభాగాల్లో పురుగులు వెతికాను. ఇప్పుడు చెప్పబోయేది విమానాశ్రయంలో నా నాలుగో ఏట, 1989 జూలై రెండో వారంలో జరిగింది.

మా పని గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. జనం మమ్మల్ని చూసి కస్టమ్స్ వాళ్ళనుకుంటారు. కస్టమ్స్ వాళ్ళు బంగారం వెతుకుతారు, మేం మామిడి టెంక వెతుకుతాం. విత్తనం, మాంసం, తేనె, పచ్చి కర్ర, పక్షి ఈక, అన్నిటికంటే ముఖ్యంగా మట్టి. బూటు అడుగున ఎండిన బురద కనిపించినా గీకి తీసి, ఆ బూటు కడిగి ఇవ్వాల్సిందే. పట్టుకున్న ప్రతి వస్తువుకీ ఒక ఫారం ఉంటుంది. ఫారం కింద మూడు గళ్ళు: శుద్ధి చేయించుట, వచ్చిన దేశానికి తిప్పి పంపుట, ధ్వంసం చేయుట. ఏదో ఒక గడిలో గుర్తు పెట్టి, యజమాని సంతకం తీసుకోవాలి. పక్కన రెండో అధికారి పొడి సంతకం చేస్తే అప్పుడా వస్తువు బల్ల మీంచి కదులుతుంది.

సిడ్నీలో అప్పట్లో తెలుగువాళ్ళు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ నేనంటే హడల్. ఇండియా నుంచి బయల్దేరేముందు కొందరు మా ఆవిడ జానకికి ఫోన్ చేసి, "ఏవండీ, వచ్చే మంగళవారం మీవారికి పొద్దున డ్యూటీయా, సాయంత్రమాండీ?" అని ఆరా తీసి మరీ టిక్కెట్టు కొనుక్కునేవారు. నిజం చెప్పొద్దూ, నాకది గర్వంగానే ఉండేది. తెల్ల అధికారుల మధ్య నల్ల చెయ్యి నాదొక్కటే. మనవాళ్ళని చూసీచూడనట్టు వదిలేస్తాడన్న మాట ఒక్కసారి పడితే చాలు, ఇక కడుక్కోలేను. అందుకని మనవాళ్ళ పెట్టె కనిపిస్తే రెండింతలు వెతికేవాణ్ణి.

అలా 1988 జూన్‌లో ఒక సీసా పట్టుకున్నాను. తెచ్చినావిడ కాకినాడ మనిషి, గ్రేస్‌గారు. పారమట్టా వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. సీసాలో ఆవకాయ. గరిటె పెట్టి కదిపితే ప్రతి ముక్కకీ టెంక. టెంక అంటే గింజ కిందే లెక్క, దాంట్లో పురుగు దాక్కునే వీలుంది. ఆవిడ ఏదో చెప్పబోయింది. "రూల్ రూలేనండీ," అన్నాను. ఫారం నింపాను, సంతకం పెట్టించుకున్నాను, సీసాని ధ్వంసం చేసేవాటి పసుపు డబ్బాలో వేశాను. ఆ తర్వాత పెండిల్ హిల్ సరుకుల కొట్లో రెండుసార్లు ఎదురుపడినా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఒక పచ్చడి సీసాకి ఇంత కోపమా అనుకున్నాను.

ఇక ఫ్రాన్సు సంగతి. నాది యానాం. 1954లో మా ఊరు భారతదేశంలో కలిసేనాటికి నాకు పదిహేనేళ్ళు. అప్పటిదాకా ఫ్రెంచి బడిలోనే చదివాను. "మన పూర్వీకులు గోల్ జాతివారు" అని, అంటే పాతకాలపు ఫ్రెంచివాళ్ళని, పుదుచ్చేరి నుంచి వచ్చిన మాస్టారు చెబితే, గోచీలు కట్టుకున్న గోదావరి పిల్లలం గొంతెత్తి వల్లించేవాళ్ళం. జూలై పద్నాలుగున ఫ్రెంచి విప్లవం పండగకి జెండా, మిఠాయి, పడవ పందేలు. ఆ చదువు తర్వాత కాకినాడలోనూ, బాపట్ల వ్యవసాయ డిగ్రీలోనూ దేనికీ పనికిరాలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత సిడ్నీలో పనికొచ్చింది. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న నూమియా నుంచో, పారిస్ నుంచో ప్రయాణికులొస్తే, "మూర్తిని పిలవండి" అనేవారు.

ఆ ఏడు ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్ళు నిండాయి. హార్బరు ఒడ్డున ఫ్రెంచివాళ్ళు పద్నాలుగో తారీకు శుక్రవారం మధ్యాహ్నం విందు పెట్టుకుని, యానాం మనిషినని నన్నూ పిలిచారు. నేను వారం ముందే సూటు ఇస్త్రీ చేయించాను. "మీ ఊరు ఫ్రాన్సుని వదిలి ముప్పై అయిదేళ్ళయింది, మీరింకా వదల్లేదు," అంది జానకి.

ఆ మంగళవారం పొద్దున ఐలీన్ అనే పెద్దావిడ నా బల్ల దగ్గరికొచ్చింది. డెబ్భై రెండేళ్ళు, పుట్టింది పెరిగింది ఇక్కడే. విమానంలో నింపిన కార్డు మీద "మట్టి ఉందా?" అన్న ప్రశ్నకి "ఉంది" అని గుర్తు పెట్టింది. ఉందని నిజం రాసేవాళ్ళు వందకొకరు. చేతిసంచిలోంచి బిస్కెట్ డబ్బా తీసి, తనే మూత తెరిచింది. అడుగున రెండు గుప్పెళ్ళ మట్టి. బూడిదరంగు, మధ్యలో తెల్లటి సుద్దముక్కలు, గడ్డివేళ్ళ పోగులు.

ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర తన తండ్రి సమాధి మీది మట్టి అది అని చెప్పింది. తండ్రి ఆస్ట్రేలియా సైనికుడు. 1918లో అక్కడ చనిపోయేనాటికి ఆవిడకి ఏడాది. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, ఆ సమాధిని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఆ తల్లికి తొంభై మూడు. ఆసుపత్రిలో ఉంది. పోయేముందు ఆ మట్టి ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని అడిగిందట. కూతురు బయల్దేరినప్పుడు బాగానే ఉందట గాని, పారిస్‌లో ఉండగా ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి వెంటనే రమ్మందట. ఇక రోజుల్లో పని.

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నా మనసులో మెదిలిన మాట చెప్పకపోతే నేను చేసిన పని అర్థం కాదు. మా నాయనమ్మ తమ్ముడు ఒకాయన మొదటి యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి ఆ దేశం వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఒక కాగితం వచ్చింది. అందులో చనిపోయిన రోజు కూడా లేదు. ఏ తిథికి పెట్టాలో తెలియక, బతికున్నన్నాళ్ళూ మా నాయనమ్మ మహాలయ అమావాస్యనాడు బ్రాహ్మణుడికి ఆయన పేరున స్వయంపాకం ఇప్పించేది. "పిడికెడు బూడిదైనా దొరికితే గోదాట్లో కలిపేదాన్నిరా," అనేది.

నా కళ్ళకి ఆ బిస్కెట్ డబ్బాలో కనిపించింది మట్టి కాదు. ఫారం మీద వస్తువు పేరు దగ్గర "చితాభస్మం" అని రాశాను. చితాభస్మానికి మా నిబంధనల్లో అడ్డు లేదు. అప్పటికప్పుడు వదిలేయవచ్చు. పదేళ్ళ ఉద్యోగంలో తెలిసి తెలిసి తప్పు రాయడం అదే మొదలు.

రెండో సంతకం చేయాల్సింది మా సీనియర్ ఇన్‌స్పెక్టర్ బ్రయన్. పశువులు పెంచే ఊరి నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. ఫారం చదివాడు, మూత తీశాడు, కలం మొనతో మట్టిలో కదిపి గోరంత తెల్ల గుల్ల పైకి తీశాడు. చితిలో కాలిన బూడిదలో నత్త ఎలా బతికిందని అడిగాడు. ఆయన ఆ ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుని, కొత్తది నా ముందుకి తోశాడు. ఈసారి మనసుకి కనిపించింది కాదు, కంటికి కనిపించింది రాయమన్నాడు. నా మీద రిపోర్టు రాస్తే అంతటితో నా ఉద్యోగం ఆఖరు. రాయలేదు.

"సమాధి మట్టి, నత్తగుల్ల, వేళ్ళు" అని రాశాను. తర్వాత ఐలీన్‌ని కూర్చోబెట్టి మూడు గళ్ళూ చదివి వినిపించాను. ఆవిడ కంగారులో ఉందని రెండోసారి కూడా చదివాను. శుద్ధి అంటే నూట అరవై డిగ్రీల పొడి వేడిలో రెండు గంటలు పెట్టి తిరిగి ఇవ్వడం అని చెప్పాను. మొదటి గడిలో గుర్తు పెట్టింది. మామూలుగా దానికి పది రోజులు పడుతుంది. బ్రయన్ ఫోన్లు చేశాడు. పారమట్టా దగ్గర వ్యవసాయ ప్రయోగశాలలో ఓవెన్ శుక్రవారం పొద్దున ఖాళీ అట. అంతకు ముందు వీల్లేదట. సీలు వేసిన సంచి అధికారి చేతుల మీదుగానే వెళ్ళాలి, నువ్వే పట్టుకెళ్ళు అన్నాడు.

ఐలీన్ సామాను తోసుకుంటూ నేను బయటి హాలులోకి వచ్చాను. ఆవిడ కోసం కాచుకుని నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయాను. గ్రేస్‌గారు. పారిస్‌కి ఫోన్ చేసిన నర్సు ఆవిడే.

సంగతి చెప్పాను. నన్ను చూస్తూ విన్నది.

"శుక్రవారమాండీ? ఆ మామ్మగారు నిన్నట్నుంచి నీళ్ళు కూడా స్పూన్‌తోనే తాగుతోందండి. ఫ్రైడే దాకా ఉంటాదో లేదో నేను ప్రామిస్ చేయలేను."

"నా చేతిలో ఉన్నది అంతేనండీ," అన్నాను.

"అంతేనా," అంది. ఐలీన్ చెయ్యి పట్టుకుని కారు వైపు నడిపించుకుపోయింది.

బుధ, గురువారాలు ఆ సీలు సంచి మా ఆఫీసు బీరువాలో ఉంది. నేను గంటకోసారి తాళం లాగి చూశాను. గురువారం సాయంత్రం గిరావీన్‌లో మా ఇంట్లో అన్నం కలుపుతూ జానకితో అన్నాను, మట్టిని అంత వేడిలో పెడితే ఇంక అది ఆ మట్టే అవుతుందా అని. "చచ్చేవి పురుగులు కదండీ, ఆయన ఎప్పుడో పోయాడు. ఆయనకేం కాదు, మీరు ముద్ద మింగండి," అంది.

శుక్రవారం పొద్దున సూటు వేసుకునే ప్రయోగశాలకి వెళ్ళాను. అక్కణ్ణుంచి ఆసుపత్రికి, తర్వాత విందుకి అని నా లెక్క. ఎనిమిదిన్నరకి మట్టిని స్టీలు పళ్ళెంలో పలచగా పరిచి ఓవెన్‌లో పెట్టారు. సాక్షిగా నేను ఎదురుగా కూర్చోవాలి. రెండు గంటలు.

ఆ రెండు గంటలూ యానాం బడి చదువంతా తిరగేసుకున్నాను. మట్టిని ఎందుకు కాల్చాలో లోకానికి చెప్పిందీ ఒక ఫ్రెంచివాడే, పాశ్చర్. గొర్రెలు గుంపులుగా చచ్చిపోయే కొన్ని పొలాలని అక్కడి రైతులు శాపం తగిలిన పొలాలు అనేవారు. అది శాపం కాదు, పాతిపెట్టిన పశువుల రోగాన్ని వానపాములు పైకి మోసుకొస్తున్నాయి అని ఆయన తేల్చాడు. ఆయనే ఆస్ట్రేలియా కుందేళ్ళని రోగంతో చంపుతానని మేనల్లుణ్ణి సిడ్నీకి పంపాడు. హార్బరు మధ్య చిన్న ద్వీపంలో ప్రయోగాలు చేయనిచ్చారు గానీ, ఆ రోగాన్ని బయటికి వదలడానికి ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతటి మహానుభావుణ్ణే ఆపిన దేశం ఇది! నేనో, బిస్కెట్ డబ్బాని దొంగచాటుగా దాటించబోయాను.

జోన్ ఆఫ్ ఆర్క్ పాఠం గుర్తొచ్చింది. ఆ పిల్లని కాల్చేసి, జనం పిడికెడు బూడిదైనా దాచుకోకూడదని సేన్ నదిలో పారబోశారు. చిన్నప్పుడు ఆ పాఠం విని, "అదేంటి మాస్టారూ, నదిలో కలిపితే మంచిదే కదా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. మనం భక్తితో చేసేది అక్కడ కక్షతో చేశారు. బూడిదకి అంత విలువ ఉందని ఆ తగలబెట్టినవాళ్ళకీ తెలుసు. నెపోలియన్ ద్వీపంలో చనిపోతే పందొమ్మిదేళ్ళ తర్వాత ఓడ పంపి శవాన్ని పారిస్‌కి తెచ్చుకున్నారు, ఊరంతా చలిలో నిలబడి చూసింది. చక్రవర్తి గనక ఓడ వెళ్ళింది. ఐలీన్ తండ్రికి ఓడ వెళ్ళలేదు, మా నాయనమ్మ తమ్ముడికీ వెళ్ళలేదు. నేను చదువుకున్న ఫ్రెంచి చరిత్రంతా ఓడ వెళ్ళినవాళ్ళదే. నాకు కోపం వచ్చింది. విందుకని వేసుకున్న సూటులో కూర్చుని, ఆ పళ్ళెం వంక చూస్తూ కోపం తెచ్చుకున్నాను.

పదిన్నరకి తలుపు తెరిచారు. మట్టి కాస్త ఎరుపు తిరిగింది. వేళ్ళు నల్లగా పొడయ్యాయి. నత్తగుల్ల మాత్రం అలాగే ఉంది. డబ్బాలోకి ఎత్తి, కాగితం మీద ముద్ర వేయించుకుని, కారు తీశాను.

మామ్మగారు ఇంకా ఉంది. గ్రేస్‌గారు మంచం తల వైపు ఎత్తి, దుప్పటి సర్దింది. ఐలీన్ తల్లి అరచెయ్యి విప్పి, అందులో ఒక చెంచాడు మట్టి పోసింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మామ్మగారు కళ్ళు తెరవకుండానే ఒక మాట అంది. వెచ్చగా ఉందట.

ఐలీన్ నా వైపు చూసింది. ఓవెన్ సంగతి ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆదివారం మామ్మగారు పోయింది. పిడికిలి విప్పకుండా అలాగే శవపెట్టెలో పెట్టారని తర్వాత తెలిసింది.

నేను నడవాలోకి వచ్చాక గ్రేస్‌గారు వెనకే వచ్చింది. మెషీన్ టీ ఒకటి నా చేతిలో పెట్టింది.

"చాలా హెల్ప్ చేశారండి. థ్యాంక్స్."

"నా డ్యూటీయే కదండీ."

"ఒకటడగనా మూర్తిగారూ? ఫారం కింద మూడు గళ్ళుంటాయంట గదా. మీరు రెండుసార్లు చదివి చెప్పారని ఐలీన్ చెప్పింది, చాలా మంచి మనిషి అని కూడా చెప్పింది."

నాకు విషయం అర్థమైంది. టీ పక్కన పెట్టాను.

"నాకు ఒక్క గడే ఉందనుకున్నానండీ," అంది. "మీరు టిక్ పెట్టేసి, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. నేను పెట్టేశాను."

నిజమే. నిబంధన ప్రకారం గడి ఎంచుకోవాల్సింది యజమాని. మూడూ చదివి వినిపించడం మా విధి. మనవాళ్ళ దగ్గర నేనెప్పుడూ చదవలేదు. చదివితే బేరమాడతారని, వెనక నిలబడ్డ తెల్లవాడు చూస్తే ఏదో కుమ్మక్కు అనుకుంటాడని. వాళ్ళ తరఫున మూడో గడిలో నేనే గుర్తు పెట్టేసేవాణ్ణి.

"టెంక ముక్కలు ఏరేసి మిగతాది ఇచ్చేయొచ్చా అప్పుడు? నిజం చెప్పండి."

కాదని అబద్ధమాడవచ్చు. ఆవిడకి తెలిసే వీలు లేదు. కానీ ఆ వారంలో ఒక అబద్ధం రాసి పట్టుబడ్డాను, చాలు.

"ఇవ్వొచ్చండీ. అదీ శుద్ధి కిందికే వస్తుంది. పట్టుకారుతో పావుగంట పని," అన్నాను.

ఆవిడ తల ఊపింది. "మా అమ్మ పెట్టిందండీ అది. చేతులు వణుకుతున్నా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే కలిపింది. ఆ ఆగస్టులోనే పోయింది. మీరు ఏం తెలిసి చేశార్లెండి. కానీ ఐలీన్ చెప్పాక మాత్రం అనిపించిందండి. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అనలేదు మనోళ్ళు."

క్షమించమని అన్నాను. ఎంత చిన్న మాటో అంటున్నప్పుడే తెలిసింది.

"పోనీలెండి. సూట్‌లో ఉన్నారు, ఏదో ఫంక్షన్ ఉన్నట్టుంది, వెళ్ళండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను విందుకి వెళ్ళలేదు. సూటుతోనే విమానాశ్రయానికి వెళ్ళి, 1988 ఫైళ్ళు తీసి, మనవాళ్ళ పేర్లున్న ఫారాలు చూశాను. అన్నిట్లోనూ మూడో గడే. అన్నిట్లోనూ నా గుర్తే. వాటిని బ్రయన్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన నా సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఒకటి రాసి, సోమవారం నుంచి అందరికీ చదువు అన్నాడు.

అందరికీ చదివాను. తెలుగువాళ్ళకి తెలుగులో చదివాను. నా వరుస ఎప్పుడూ అన్నిటికంటే పొడుగ్గా ఉండేది, తోటివాళ్ళు విసుక్కునేవాళ్ళు. బల్ల సొరుగులో ఒక పట్టుకారు, గాజు గిన్నె పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా పదేళ్ళు ఆవకాయలో టెంక ఏరాను. యూనిఫాం చేతులకి పట్టిన నూనె మరక వదలక జానకి తిట్టేది.

1991లో గ్రేస్‌గారు మళ్ళీ కాకినాడ వెళ్ళొచ్చింది. పక్క వరుస ఖాళీగా ఉన్నా నా వరుసలోకే వచ్చింది. కార్డు మీద అన్నిటికీ "లేదు" అని ఉంది. పెట్టె తెరిచి చూశాను. చీరలు, పిల్లల బట్టలు, ఒక బైబిలు.

"పచ్చళ్ళేం తేలేదాండీ? పట్టుకారు ఉంది," అన్నాను.

"ఎవరు పెడతారండీ ఇప్పుడు?" అంది.

కార్డు మీద ముద్ర వేసి ఇచ్చాను.

మూడు గళ్ళు చదివి వినిపించడానికి ఒక నిమిషం పడుతుంది. గడియారం పెట్టుకుని చూశాను, అంతే. ఆ నిమిషం అవతలి మనిషిది, అధికారిది కాదు. గ్రేస్‌గారి నిమిషాన్ని 1988లో నేను తీసేసుకున్నాను.